చేతులతోనా, ఛాతీతోనా

ఈ దేశంలో నవంబరు వచ్చిందంటే పెరుగు తోడుకోదు. ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. వీసా కాగితాల్లో కూడా ఎక్కడా ఉండదు. రాత్రి తోడు వేసిన పాలు తెల్లారి చూస్తే పాలుగానే ఉంటాయి, కాకపోతే కాస్త నొచ్చుకున్నట్టు ఉంటాయి. ఒవెన్‌లో పెట్టి చూశాం. హీటరు పక్కన పెట్టి చూశాం. చివరికి మా ఆవిడ ఒక మార్గం కనిపెట్టింది. గిన్నెను పాత ఉన్ని దుప్పట్లో చుట్టి టీవీ మీద పెట్టేది. అప్పటి టీవీలు చెక్కపెట్టెలు. ఓ గంట నడిస్తే పైభాగం పిల్లి పడుకునేంత వెచ్చగా అయ్యేది.

చిక్కల్లా ఏమిటంటే, పెరుగు కావాలంటే టీవీ నాలుగైదు గంటలు ఆగకుండా నడవాలి. ఆదివారం మధ్యాహ్నం అంతసేపు వచ్చేది ఒక్క ఫుట్‌బాలే, కాలితో తన్నేది కాదు, ఈ అమెరికావాళ్లు చేతులతో విసిరి ఆడేది. వరసగా రెండు ఆటలు. మొదటి ఆట అయ్యేసరికి గిన్నె వెచ్చబడేది, రెండోది ముగిసేసరికి పెరుగు గట్టిపడేది.

నేను ఫుట్‌బాల్ అభిమానినైన విధానం ఇదీ. ఇంతకంటే ఉదాత్తమైన కారణాలు ఉన్నవాళ్లు ఉంటారు, వాళ్లతో నాకు పోటీ లేదు.

డెబ్బైల చివరి మాట ఇది. మేము ఇల్లు కొన్న ఊరికి మంచు ఉంది, సరస్సు ఉంది, పక్క నగరంలో ఒక ఫుట్‌బాల్ టీము ఉంది. మూడూ మమ్మల్ని అడగకుండా ఏర్పాటైనవే. నేను వంతెనల ఇంజనీరుని. పీహెచ్‌డీ ఉందని పోస్టు డబ్బా మీద డాక్టర్ అని రాయించుకున్నాను. అది కుర్రతనం. దాని ఫలితంగా పక్కింటాయన మొదటి పరిచయంలోనే తన మోకాలు చూపించి, “డాక్, ఇక్కడ వంచితే నొప్పి” అన్నాడు. నేను వంతెనల డాక్టర్నని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “ఇదీ అలాంటిదేగా” అన్నాడు. ఆ తర్వాత పదేళ్లు నేను ఆయనకు డాక్‌నే.

ఆయన సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య లేదు, పిల్లలు లేరు. నన్ను పేరు పెట్టి పిలవమన్నాడు. మా నాన్నకంటే నాలుగేళ్లు పెద్దాయన్ని పేరు పెట్టి ఎలా పిలవను? “సార్” అంటే ఒప్పుకోడు. అందుకని పదేళ్లూ ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాను. ఆయన వెనక్కి తిరిగి ఉంటే, ముందుకు తిరిగేదాకా ఆగేవాణ్ణి. మా అమ్మాయికి ఈ బాధ లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి అంకుల్ అనే పిలిచేది. అలా పిలిచేవాళ్లు ఆయనకు వేరే ఎవరూ లేరు.

ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చింది మంచు తీసే పార అడగడానికి. దుప్పటి చుట్టుకుని టీవీ మీద కూర్చున్న గిన్నెను చూశాడు.

“దానికి ఒంట్లో బాలేదా?”

మా ఆవిడ వివరించింది. ఆయన శ్రద్ధగా విని, “ఎంతసేపు పడుతుంది?” అన్నాడు.

“రెండు ఆటలు.”

ఆయన పార సంగతి మరిచిపోయి సోఫాలో కూర్చున్నాడు.

ఆ రోజే నా అజ్ఞానం కూడా బయటపడింది. నేను క్రికెట్ వింటూ పెరిగినవాణ్ణి. క్యాచ్ పడితే ఒకడు అవుటవుతాడని నాకు తెలుసు, పట్టినవాడికి చప్పట్లు కొట్టాలనీ తెలుసు. ఈ ఆటలో మనవాడు విసిరిన బంతిని మనవాడే పట్టుకుంటుంటే ఇందులో గొప్పేముంది, ఇది ప్రాక్టీసు కదా అనుకున్నాను. అవతలి టీమువాడు మధ్యలోకొచ్చి అందుకున్నప్పుడు మాత్రం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను.

పక్కింటాయన నావైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం తీసుకుని గీతలు గీశాడు. ఇదుగో, వీడు విసిరేవాడు. ఇదుగో, ఇంత దూరంగా పక్కకు నిలబడ్డవాడు రిసీవర్. ఆట మొదలవగానే పరుగెత్తి బంతి అందుకోవడం వీడి పని. మిగతావాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడటానికి ఉన్నారు. “నువ్వు వీణ్ణొక్కణ్ణే చూడు, డాక్. మిగతాది మెల్లిగా వస్తుంది.” మిగతాది ఇప్పటికీ రాలేదు. రిసీవర్‌ని మాత్రం చూడటం నేర్చుకున్నాను.

అలా ప్రతి ఆదివారం వచ్చేవాడు. వేయించిన వేరుశనక్కాయలు తెచ్చేవాడు, మా ఆవిడ చారును కప్పులో పోసి ఇస్తే కాఫీలా తాగేవాడు. టీవీ సౌండ్ మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు. ఆ కామెంటేటరు కుర్రతనంలో అవతలి టీములో ఆడి మన టీముని ఓడించాడట, వాడి గొంతు వినకూడదన్నది ఆయన నియమం. పోనీ రేడియో పెడదామా అంటే, రేడియో బస్సులో వినేదన్నాడు. కాబట్టి మా ఇంట్లో ఫుట్‌బాల్ మౌనంగా జరిగేది. మౌనంగా జరిగితే మనుషులకు వాదించుకోవడానికి వీలుంటుంది.

వాదన ఒక్కటే, ఈ టీము పుట్టిన దగ్గర్నుంచి అందరికంటే మంచి రిసీవర్ ఎవడు?

ఆయన దృష్టిలో జవాబు ఎప్పుడో వచ్చేసింది. యాభైల్లో ఒకాయన ఉండేవాడు. చలికాలంలో ఆడేవాడు, వేసవిలో మా పక్కింటాయన పనిచేసే డిపోలోనే బస్సులు కడిగేవాడు. అప్పట్లో ఆటతో ఇల్లు గడవదు. నా మనిషి వేరు. నేను చూడటం మొదలుపెట్టినప్పుడు ఆడుతున్నవాడు. పెద్ద వేగం లేదు. కానీ పన్నెండు అడుగులు వేసి తిరగాలంటే పన్నెండే వేసేవాడు. పదమూడో అడుగు వేసి ఎరగడు. వంతెనలు కట్టేవాడికి అలాంటి మనిషి మీద ప్రేమ పుట్టకుండా ఉండదు.

నేను గ్రాఫు కాగితం తెచ్చి ఆటకు ఎన్ని క్యాచులో గీతలు గీశాను. గీత నా మనిషివైపే లేచింది. ఆయన కాగితం కేసి చూడనైనా చూడలేదు.

“మా వాడి కాలంలో బంతి విసరడమే తక్కువ. అందరూ చంకలో పెట్టుకుని మోసుకెళ్లడమే. విసరనిదే ఎలా పడతాడు?”

“అయితే విసిరినవాటిలో ఎన్ని పట్టాడో చెప్పండి.”

“అది ఎవడు రాశాడు?”

“మరి మీకెలా తెలుసు?”

“చూశాను.”

ఆయన ఇంకా చాలా చెప్పాడు. ఆ కాలంలో రిసీవర్ ఎంత దూరం పరుగెత్తితే అంత దూరం అవతలివాడు చొక్కా పట్టుకుని వేలాడవచ్చు. ఈమధ్యే రూలు మార్చారు, ఐదు గజాలు దాటాక చెయ్యి వేయకూడదు. అంటే రిసీవర్ని విడిదింట్లో పెళ్లివారిలా చూసుకోవాలన్నమాట. అదీగాక నా మనిషి చేతులకు పనసజిగురులాంటిదేదో పూసుకుని వచ్చేవాడు. తర్వాత దాన్ని కూడా నిషేధించారు. “జిగురు రాసుకుంటే మీ ఆవిడ గిన్నె కూడా బంతి పడుతుంది” అన్నాడాయన.

ఇలాంటి వాదన నాకు కొత్త కాదు. మా జిల్లాలో పద్యనాటకాల మీద ఇదే గొడవ. మా తాతయ్య విన్న కృష్ణుడు వేరు, మా నాన్న విన్న కృష్ణుడు వేరు. ఏ పద్యానికి ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయో చెప్పి కొట్టుకునేవాళ్లు. ఆ ఇద్దరినీ విన్నవాడు ఇంట్లో ఒక్కడూ లేడు, కాబట్టి వాదన ఎప్పటికైనా ఆగుతుందన్న భయం లేదు. పక్కింటాయన మాత్రం తన రిసీవర్నీ, నా రిసీవర్నీ ఇద్దర్నీ చూశాడు. అది ఆయన బలం. ఆ బలాన్ని ఆయన దాచుకునే రకం కాదు.

అసలు విషయం ఒకరోజు వాకిట్లో చూపించాడు. నన్ను ఇరవై గజాల దూరంలో నిలబెట్టి బంతి విసిరాడు. నేను దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని పట్టుకున్నాను. పట్టుకున్నందుకు గర్వపడ్డాను కూడా.

“ఛాతీతో పట్టావు” అన్నాడు.

“పట్టాను కదా.”

“ఛాతీతో పట్టేవాడు బంతిని నమ్మడు, డాక్. చేతులు చాచి, వేళ్లతో, మొహానికి దూరంగా పట్టాలి. ఛాతీతో పట్టేవాడు మంచి రోజున బానే ఉంటాడు. వాన పడ్డ రోజు, పరువు పోయే రోజు, అది గుండెకు తగిలి ఎగిరిపోతుంది. మా వాడు చేతులతో పట్టేవాడు. మీవాడు కూడా చేతులతోనే పడతాడు, పోనీలే. ఎవడు గొప్ప అంటే ముందు అది చూడాలి. మిగతా లెక్కలన్నీ తర్వాత.”

రెండోసారి చేతులతో పట్టబోయాను. కళ్లజోడు పగిలింది. దాంతో నా ఆట జీవితం ముగిసింది.

ఎనభైల మధ్యలో మా టీముకు మూడోవాడు వచ్చాడు. కుర్రాడు, బాణంలాంటివాడు, చేతులకు తొడుగులు వేసుకుని ఆడేవాడు. ఊరంతా వాడి గురించే. సరిగ్గా ఆ ఏడే పక్కింటాయన కళ్లకు పొర కమ్మింది. మొదట టీవీకి దగ్గరగా జరిగాడు. తర్వాత మరీ దగ్గరగా, గిన్నెకు మొహం తగిలేంతగా. ఒక వారం లైసెన్సు రెన్యువల్‌కి వెళ్తే, గోడ మీద అక్షరాలు చదవలేకపోయాడని అక్కడివాళ్లు లైసెన్సు ఉంచేసుకున్నారు. ముప్ఫై ఏళ్లు బస్సుకు గీత పడకుండా నడిపిన మనిషి. ఆ రోజు నడిచి ఇంటికొచ్చాడు.

ఆ ఆదివారం వేరుశనక్కాయలు తేలేదు. సోఫాలో కూర్చుని, తెర వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ, “చెప్పు డాక్. కుర్రాడు ఎలా పడుతున్నాడు? చేతులతోనా, ఛాతీతోనా?” అన్నాడు.

కుర్రాడు ఛాతీతోనే పడతాడు. నేను నాలుగు వారాలుగా చూస్తున్నాను. అది నిజం.

“చేతులతోనే” అన్నాను.

ఆయన మొహంలో కాస్త వెలుగు వచ్చింది. ఇంత చిన్న మాటకు అంత వెలుగొస్తే తర్వాత వెనక్కి తీసుకోవడం కష్టం. అప్పటికి అది అబద్ధమనిపించలేదు, పలకరింపులా అనిపించింది.

అక్కడినుంచి రెండేళ్లు నేను ఆయనకు కామెంటరీ చెప్పాను. చిన్నప్పుడు కూల్‌డ్రింకు షాపు బయట నిలబడి రేడియోలో టెస్టు మ్యాచులు విన్న చదువంతా అక్కరకొచ్చింది. ఒక్క స్టేడియం చూడకుండానే మేము ఎంతమంది బ్యాట్స్‌మన్లను ప్రేమించామో. కుర్రాడు గాలిలో ఒక క్షణం ఆగాడని చెప్పాను. మునివేళ్లతో పువ్వు కోసినట్టు కోశాడని చెప్పాను. బంతి జారవిడిస్తే విసిరినవాడిది తప్పన్నాను, గాలిదన్నాను, ఒకసారి ఎండదన్నాను. డిసెంబరులో.

మా అమ్మాయి కార్పెట్ మీద హోమ్‌వర్క్ చేసుకుంటూ తలెత్తేది. దానికి అప్పుడు తొమ్మిదేళ్లు.

“నాన్నా, డ్రాప్ చేశాడు కదా.”

“హోమ్‌వర్క్ చూసుకో.”

“అంకుల్‌కి ఎందుకు అలా చెప్తావ్?”

ఇదంతా తెలుగులో కాబట్టి ఆయనకు అర్థం కాదు. ఇంట్లో రెండు భాషలుంటే ఇలాంటి సౌకర్యాలు ఉంటాయి. మంచిదని చెప్పను.

పక్కింటాయన మాత్రం రోజురోజుకూ మెత్తబడుతున్నాడు. ఒక సాయంత్రం, “ఈ కుర్రాడు మావాడి పక్కన నిలబడగలడేమో” అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం పెద్ద విషయం. కానీ వెంటనే, “చూడకుండా ఎలా చెప్పను? ముగ్గుర్నీ చూసినవాడే చెప్పాలి. నేను రెండున్నర మందినే చూశాను” అన్నాడు.

కంటి డాక్టరు ఎప్పటినుంచో ఆపరేషన్ చేయించుకోమంటున్నాడు. ఈయనకు భయం. వెనకటి కాలంలో ఆయన అన్నకు చేసినప్పుడు తల కదలకుండా అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి వారం రోజులు పడుకోబెట్టారట. ఆ అన్నకు చూపు రాలేదు. ఇప్పుడు అలా కాదు, గంటలో అయిపోతుందని అందరూ చెప్పేవాళ్లు. “గంటలో కూడా పోవచ్చు” అనేవాడు. కొంచెం కనిపించడం, అసలు కనిపించకపోవడం, ఈ రెంటికీ మధ్య తేడా ఆయనకు తెలుసు. నేను ఏమనగలను, వంతెనల డాక్టర్ని.

ఎనభై ఏడో ఎనిమిదో, ఆ శీతాకాలం పేపర్లో వచ్చింది, సీజన్ అయిపోగానే కుర్రాణ్ణి వేరే ఊరి టీముకు ఇచ్చేస్తున్నారని. ఇక్కడ ఆడేవి ఇంకా మూడే ఆటలు. నేనే చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సిందేమో. ఆయన చారు కప్పు పక్కన పెట్టి, ఆ మూడు ఆటల్నీ వేళ్ల మీద లెక్కపెట్టాడు.

మా ఆవిడ ఇంగ్లీషును పొదుపుగా వాడుతుంది. “మీరు వెళ్లండి. ఒక గంట. వచ్చి భోంచేయండి” అంది ఆయనతో. తర్వాత నావైపు తిరిగి తెలుగులో, “చూడకుండా వాదించేవాళ్లు మన ఇళ్లల్లో బోలెడుమంది ఉన్నారండీ. ఈయనొక్కడైనా చూసి వాదించనీండి” అంది.

నేను మా అమ్మమ్మ సంగతి చెప్పాను. మా ఊరి స్కూల్లో కళ్ల శిబిరం పెట్టినప్పుడు ఆవిడకు ఆపరేషన్ చేశారు, బెంచీల మీద వరసగా నలభై మందిని పడుకోబెట్టి. కట్టు విప్పి, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టగానే ఆవిడ అన్న మొదటి మాట, ఈ గోడకు ఇన్నేళ్లూ సున్నం వేయించలేదేం అని.

“తర్వాత?” అన్నాడాయన.

“తర్వాత వేయించాం.”

ఆయన నవ్వాడు. మర్నాడు డాక్టరుకు ఫోన్ చేశాడు. ఒక్క కన్నే, కుడిది. ఎడమది తర్వాత చూద్దామని.

గురువారం ఆపరేషన్. నేనే డ్రైవ్ చేశాను. దారిలో అసలు సంగతి చెప్పేద్దామని మూడు సిగ్నళ్ల దగ్గర నోరు తెరిచాను. ఆయన ఒళ్లో చేతులు పెట్టుకుని, బస్సులో ఎక్కి కూర్చున్న ప్రయాణికుడిలా బుద్ధిగా ఉన్నాడు. వేళ్లతో మాత్రం సీటుబెల్టు కొసను మడుస్తూ విప్పుతూ ఉన్నాడు. ఇది సమయం కాదనుకున్నాను. సమయం కానప్పుడే మనకు నిజం చెప్పాలనిపిస్తుంది, అదేమిటో.

శుక్రవారం కట్టు విప్పారు. నర్సు వేళ్లు చూపిస్తే ఎన్నో చెప్పాడు. గోడ మీద అక్షరాలు కింద వరస దాకా చదివాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, “నీకు బట్టతల వచ్చిందని చెప్పలేదే” అన్నాడు. తిరుగు ప్రయాణంలో దారిపొడుగునా షాపుల బోర్డులు పైకి చదువుతూ వచ్చాడు. చెప్పుల షాపు, బ్యాంకు, మళ్లీ చెప్పుల షాపు. ఒక సిటీ బస్సు పక్కనుంచి వెళ్తే దాని నంబరు చదివి, ఆ రూటు తనదేనన్నాడు.

ఆ రాత్రి మా అమ్మాయి నా దగ్గరకొచ్చింది. “నాన్నా, సండే అంకుల్ చూస్తాడు కదా.”

“చూస్తాడు.”

“నువ్వు చెప్పింది అంతా?”

“పడుకో అమ్మా.”

“ఐయామ్ జస్ట్ ఆస్కింగ్” అంది, వాళ్లమ్మ గొంతుతో.

శనివారమంతా నేను కుర్రాడికోసం ప్రార్థించాను. చిన్న కోరికే. రేపొక్క రోజు చేతులతో పట్టించు స్వామీ అని. మా ఇంటి దేవుడికి ఫుట్‌బాల్ ఎంతవరకు తెలుసో నాకు తెలియదు.

ఆదివారం పన్నెండింటికి ఆయన వచ్చాడు. వేరుశనక్కాయలు రెండు పొట్లాలు తెచ్చాడు. ముందు టీవీ మీద గిన్నెను చూశాడు. “ఈ దుప్పటి ఎరుపా? ఇన్నాళ్లూ గోధుమరంగు అనుకున్నాను” అన్నాడు. మా అమ్మాయిని నిలబెట్టి చూశాడు. “నువ్వు ఇంత పొడుగు ఎప్పుడయ్యావు?” తన రెండు చేతుల్నీ వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. తర్వాత తన చోట్లో కూర్చున్నాడు, కిటికీ వైపు కాదు, తెర వైపు. సౌండ్ మామూలుగానే తీసేశాం.

నేను అలవాటు కొద్దీ నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తాడు. “ఇవాళ నువ్వు కూర్చో, డాక్.”

మొదటి సగంలో కుర్రాడి వైపు బంతి రానేలేదు. నాకది దైవసహాయమనిపించింది. బయట వాన మొదలైంది, తెర మీద కూడా. రెండో సగం మొదట్లో ఒకటి వచ్చింది, దూరం ఎక్కువై తలమీంచి వెళ్లిపోయింది. ఆయన ఒక వేరుశనక్కాయ వలుచుకున్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆవిడ ఫుట్‌బాల్ కోసం నిలబడటం అదే మొదటిసారి.

ఆట చివరికొచ్చింది. మనవాళ్లు నాలుగు పాయింట్లు వెనక. ఇరవై సెకన్లు ఉండగా విసిరేవాడు వెనక్కి జరిగి, దూరంగా, మూలకు, బంతి వదిలాడు. కుర్రాడు పరుగెత్తుతున్నాడు. నేను ఎప్పుడూ చెప్పినట్టే బాణంలా, అది మాత్రం అబద్ధం కాదు. ఇద్దరు వాడి వెంట ఉన్నారు. వాడు తిరిగాడు, లేచాడు, బంతి వచ్చి తగిలింది, వాడు రెండు చేతులూ చుట్టి, వానలో, పసిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని గుండెకు హత్తుకుని గీత అవతల పడ్డాడు. బంతి జారలేదు. ఆరు పాయింట్లు, ఆట మనదే.

మా అమ్మాయి ఎగిరి కార్పెట్ మీద పుస్తకాలన్నీ తన్నేసింది. మా ఆవిడ చేతిలో గరిటెతో అలాగే ఉంది. స్టేడియంలో డెబ్బై వేలమంది మౌనంగా అరుస్తున్నారు. పక్కింటాయన లేచి నిలబడ్డాడు. కుడి కంటినుంచి నీళ్లు కారుతున్నాయి, ఆపరేషన్ అయిన కన్ను కాబట్టి అది మామూలేనని డాక్టరు చెప్పాడు. రీప్లే మెల్లగా వేశారు. ఆయన టీవీ దగ్గరకు వెళ్లలేదు. ఉన్నచోటే నిలబడి, అంత దూరం నుంచే మొత్తం చూశాడు. రెండోసారి వేస్తే రెండోసారీ చూశాడు.

తర్వాత నావైపు తిరిగాడు.

“ఛాతీతో పట్టాడు” అన్నాడు. “రెండేళ్ల నుంచీ చేతులతో అన్నావు.” రెండో పొట్లం విప్పి, గుప్పెడు వేరుశనక్కాయలు నా చేతిలో పోసి, రెండో ఆటకు మళ్లీ తన చోట్లో కూర్చున్నాడు.